ఎర్ర మూత, నీలం మూత

"వాడు ఏమైనా మాట్లాడాడా?"

డాక్టర్ వెంకటకృష్ణారావు ఆ ప్రశ్న అడగడం అది రెండోసారి. మొదటిసారి నేను కుర్చీలో కూర్చోకముందే అడిగాడు. అప్పుడు వినపడనట్టు ఊరుకున్నాను. ఇప్పుడూ ఊరుకుని, నందిగామలోని ఆ క్లినిక్ గదిని ఓసారి కలియజూశాను. బల్ల మీద రంగు పూసలు, కొయ్య దిమ్మలు ఉన్నాయి. గోడకి పిల్లలు గీసిన బొమ్మలు అంటించి ఉన్నాయి.

మంగళవారం సాయంత్రం ఐదు గంటల ప్రాంతంలో, జగ్గయ్యపేటలో ఈ డాక్టరు పరిశోధన కోసం అద్దెకు తీసుకున్న ఇంటి డాబా మీంచి ప్రమీలారాణి అనే ఇరవై నాలుగేళ్ల అమ్మాయి కిందపడి చనిపోయింది. ఆమె ఆయన అసిస్టెంటు. కుదురులేని పిల్లల మీద ఆయన చేస్తున్న పరిశోధనలో ఇంటింటికీ తిరిగి తల్లులతో మాట్లాడే పని ఆమెది. శవం పక్కన చొక్కా నిండా రక్తంతో పదేళ్ల బుల్లిబాబు కూర్చుని ఉన్నాడు. ఆ పరిశోధనలో ఉన్న పన్నెండు మంది పిల్లల్లో వాడొకడు. వాడే తోసేశాడని సర్కిల్ ఇన్‌స్పెక్టర్ బ్రహ్మయ్య ఆ రాత్రే తేల్చేశాడు. రేపు పొద్దున నందిగామ కోర్టులో మేజిస్ట్రేటు ముందు పెడతాడు. వీడు ప్రమాదకరమైన పిల్లవాడని డాక్టరు సర్టిఫికెట్ ఇస్తే అక్కణ్ణుంచి తిన్నగా పిచ్చాసుపత్రికే. మంగళవారం నుంచి వాడు నోరు విప్పలేదు.

వాళ్లమ్మ బసవమ్మ బుధవారం బెజవాడలో నా డిటెక్టివ్ ఆఫీసు వెతుక్కుంటూ వచ్చింది. "మీరు తప్పు చేసినోళ్లని పట్టుకుంటారంట గదండీ. మావాడు చెయ్యలేదని పట్టుకోండి" అంది. ఏడవలేదు. నాకూ జాలి వెయ్యలేదు. పదిహేనేళ్లు పోలీసు ఉద్యోగం చేసి, శవాల పక్కన కూర్చుని పంచనామాలు రాసి రాసి బయటికొచ్చినవాణ్ణి. నాలో ఏదో మొద్దుబారి చాలాకాలమైంది. పంటి డాక్టరు సూది వేశాక పెదవి మనదే అయినా మనది కానట్టు ఉంటుందే, అలా ఉంటుంది నాకు. కేసు తీసుకున్నాను, అంతే.

"ముందు జబ్బు సంగతి చెప్పండి డాక్టరుగారూ" అన్నాను. "మా చిన్నప్పుడు ఇలాంటివాణ్ణి కోతి వెధవ అని నాలుగు తగిలించేవాళ్లు."

"ఇప్పుడూ తగిలిస్తున్నారు" అన్నాడాయన. "వస ఎక్కువ పోశావని తల్లిని తిడతారు. దిష్టి తీస్తారు. అదీ కాకపోతే వాతలు పెడతారు. బుల్లిబాబు పొట్ట మీద రెండు వాతలున్నాయి, చూశారా?"

"చూశాను."

"మేం హైపర్‌కైనెటిక్ చైల్డ్ అనేవాళ్లం. మూడేళ్ల కిందట అమెరికా వాళ్లు పేరు మార్చారు. అటెన్షన్ డెఫిసిట్ డిజార్డర్ అంటున్నారు. మనసు ఒకదాని మీద నిలవదు, ఒళ్లు ఒకచోట ఆగదు. అందులో పిల్లవాడి తప్పు లేదు, తల్లి పెంపకం తప్పూ లేదు. ఇది చెప్పడానికి ఈ ఊళ్లలో ఎన్ని గుమ్మాలెక్కానో నాకు తెలుసు."

ఆ మాటలు అంటున్నప్పుడు ఆయన అబద్ధం ఆడటం లేదు. అది మాత్రం నేను ఎక్కడైనా ప్రమాణం చేసి చెబుతాను. ఆయన దగ్గరికి రాకముందు ఆ పిల్లలకి దెబ్బలు తప్ప ఇంకో వైద్యం లేదు.

"మందు ఎలా ఇచ్చారు?"

"పన్నెండు మందిలో ఆరుగురికి నిజమైన మందు, ఆరుగురికి ఉత్త పంచదార బిళ్లలు. చూడటానికి రెండూ ఒకటే. సీసా మూత ఒక్కటే తేడా. ఎర్ర మూతలో మందు, నీలం మూతలో పంచదార. ఏ మూతలో ఏముందో తల్లులకి తెలియదు. ప్రమీలకీ తెలియదు."

"ఎందుకలా?"

"తెలిస్తే కళ్లు మోసం చేస్తాయండీ. మందు పడినవాడు బాగున్నట్టే కనిపిస్తాడు. తెలియకుండా ఆరు నెలలు వాడి, చివర్న మూతలు చూసుకోవాలి. అప్పుడే అది నిజం."

"చూసుకున్నారా?"

డాక్టరు మొహంలో వెలుగొచ్చింది. ఇంటికి ర్యాంకు మోసుకొచ్చిన విద్యార్థి మొహం అది. "ఎర్ర మూత పిల్లలు ఆరుగురికి ఆరుగురూ కుదురుకున్నారు. నీలం మూత ఆరుగురిలో ఒక్కడికీ పిసరంత మార్పు లేదు. ఇంత శుభ్రంగా రెండుగా విడిపోయిన ఫలితం ఎవరికండీ వచ్చేది? వచ్చే నెల ఢిల్లీ సదస్సులో చదువుతున్నాను."

"మరి బుల్లిబాబు?"

"నీలం మూత. మార్పు లేకపోగా ఇంకా ముదిరింది. పాపం వాడికి తెలిసి చేసిన పని కాదు. చేసింది మాత్రం వాడే."

"మంగళవారం సాయంత్రం మీరెక్కడున్నారు?"

"బెజవాడ నుంచి వస్తున్నాను. కీసర దగ్గర కారు టైరు పంచరైంది. ఆరు దాటాక నందిగామ చేరాను. జగ్గయ్యపేట కబురు ఇక్కడే తెలిసింది."

"పంచరు ఎవరేశారు?"

"రోడ్డు పక్కన ఎవరో. పేరు అడిగి పెట్టుకుంటామా?"

ఆయన కాళ్లకి కొత్త బూట్లున్నాయి. కరుస్తున్నాయి కాబోలు, కూర్చున్నంతసేపూ ఎడమ మడమ బయటికి తీసి పెట్టుకున్నాడు. "కొత్తవా?" అన్నాను. "పాతవి అరిగిపోయాయి" అన్నాడు. ఆ వెంటనే మళ్లీ, "ఇంతకీ వాడు ఏమైనా మాట్లాడాడా?" అన్నాడు.

ఒకే ప్రశ్న మూడుసార్లు అడిగినవాడికి జవాబు ఇవ్వకపోతే మర్యాదగా ఉండదు.

"మాట్లాడాడండీ. నిన్న రాత్రి రెండు మాటలు చెప్పాడు. మిగతావి రేపు కోర్టులో చెబుతాడట" అన్నాను.

పచ్చి అబద్ధం. మొహం ఎలా మారుతుందో చూద్దామని ఆడాను. స్టేషన్లో ఉన్నప్పుడు వందసార్లు వాడిన ఎత్తు అది. ఆయన మొహం ఏమీ మారలేదు. "మంచి పరిణామం" అన్నాడు చిరునవ్వుతో. బల్ల కింద ఎడమ మడమ మాత్రం బూటులోకి దూరిపోయింది.

* * *

బస్సు ఆగి ఆగి జగ్గయ్యపేట చేరేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. ప్రమీల పడిపోయిన ఇంటి యజమాని కనకయ్య గుమ్మంలోనే ఎదురొచ్చాడు. మిరపకాయల వ్యాపారి. కింద ఆయన కొట్టు, మొదటి అంతస్తులో డాక్టరు అద్దెకు తీసుకున్న గది, ఆ పైన డాబా. డాబా మీద ఆయన ఆరబోసుకున్న మిరపకాయలతో సహా పోలీసులు మంగళవారమే సీలు వేసేశారు.

"నా కాయలు ఎప్పుడు వదుల్తారండీ?" అన్నాడు, నమస్కారం కంటే ముందు. "మంచుకి తడిసి తాలుకాయలైపోతన్నయ్యండీ. రంగు పోయినాక ఎవడు కొంటాడు?"

"మనిషి పోయింది కనకయ్యగారూ."

"అయ్యో, నేను కాదన్నానా? బంగారం లాంటి పిల్ల. రోజూ 'బాబాయిగారూ' అని పలకరించి పైకెళ్లేది." ఆయన కండువాతో కళ్లు ఒత్తుకున్నాడు. నిజంగానే తడి ఉంది. "కానీ కాయలేం పాపం చేసినయ్యండీ?"

"మంగళవారం ఏం జరిగింది?"

"కొట్లో కాటా దగ్గరున్నా. దబ్బుమని చప్పుడైంది. బస్తా దొర్లిందనుకున్నా. సందులోకి వెళ్లి చూస్తే ఆ పిల్ల పడుంది. ఆ కోతిగాడు తల ఒళ్లో పెట్టుకుని కూచున్నాడు."

"బుల్లిబాబు మెట్ల మీంచి పరిగెత్తుకుంటూ దిగడం చూశానని సీఐగారికి చెప్పారట."

"దిగాడు గదండీ."

"చప్పుడుకి ముందా, తర్వాతా?"

కనకయ్య నావైపు జాలిగా చూశాడు. "ముందూ దిగాడు, తర్వాతా దిగాడు. వాడు పొద్దస్తమానం ఎక్కడమూ దిగడమేనండీ. ఆ అమ్మాయి గదిలో కూచోబెట్టి పూసలు గుచ్చమనేది. ఒక పూస గుచ్చుతాడు, కిందికొచ్చి నా కాటాకి వేలాడతాడు. నేను అరుస్తాను. మళ్లీ పైకి."

"ఇదంతా సీఐగారితో చెప్పారా?"

"ఆయన 'దిగాడా, లేదా?' అనడిగారు. దిగాడన్నా."

"డాబా మీదికి వెళ్లేవాడా?"

"అమ్మో! పోయిన నెల్లో ఒక్కసారి ఎక్కాడండీ. కాయలన్నీ కాళ్లతో చిమ్మి ఒక మూలకి పోగేశాడు. సర్దడానికి ఇద్దరు కూలోళ్లకి పూట పట్టింది. ఆ చేతుల్తో కళ్లు నులుముకుని వీధంతా అదిరేలా ఏడ్చాడు. మళ్లా ఆ తలుపు వంక చూళ్లేదు."

ఇంతలో జీపు ఆగింది. బ్రహ్మయ్య దిగాడు. బ్రహ్మయ్యా నేనూ ఒకే బ్యాచ్‌లో ఎస్సైలుగా చేరాం. నేను బయటికొచ్చాను, వాడు పైకెళ్లాడు. ఎదురుపడ్డప్పుడల్లా ఆ సంగతి ఇద్దరికీ గుర్తొస్తుంది.

"ఏం వరప్రసాదూ, ఇంకా చంటిపిల్లల కేసులే పట్టుకు తిరుగుతున్నావా?" అన్నాడు.

"నువ్వు చంటిపిల్లల్ని పట్టుకు తిరుగుతుంటే నేనేం చెయ్యను? సీలు తియ్యి."

తిట్టుకుంటూనే తీశాడు. పైకెక్కాం. తలుపు తెరవగానే ఘాటు ముక్కుకి తగిలి బ్రహ్మయ్య వరసగా నాలుగు తుమ్మాడు. డాబా అంతా ఎర్రగా కాయలు పరిచి ఉన్నాయి, ఇటు గోడ నుంచి అటు గోడ దాకా. పిట్టగోడ మోకాలెత్తు కంటే ఎక్కువ లేదు.

"మంగళవారం లోపలికొచ్చి చూశావా?" అన్నాను.

"ఇక్కణ్ణుంచే చూశా. ఈ ఘాటులో ఎవడు నిలబడతాడు?"

"నీ కానిస్టేబుళ్లు?"

"ఎవడూ అడుగు పెట్టలా. సీలేసి పోయాం. ఏం, తప్పా?"

"తప్పు కాదు. జన్మలో నువ్వు చేసిన మంచి పని అదే."

చెప్పులు విడిచి, కాయలు తొక్కకుండా పక్కకి జరుపుకుంటూ పిట్టగోడ దాకా వెళ్లాను. ఎండిన మిరపకాయ మీద కాలు పడితే పెళుసుగా విరిగి గింజలు రాలతాయి. తలుపు దగ్గర్నుంచి పిట్టగోడ దాకా అలా నలిగిన కాయలు రెండు వరసలు ఉన్నాయి. ఒక వరస చిన్న పాదాలది, మెత్తగా నొక్కుకున్న ఆడవాళ్ల చెప్పుల జాడ. రెండోది వెడల్పుగా ఉంది. ప్రతి అడుగు వెనకభాగంలోనూ కాయలు కత్తితో కోసినట్టు తెగిపోయాయి. బూటు మడమ పని అది. పిట్టగోడ నుంచి తలుపు దగ్గరికి మాత్రం ఒక్కటే వరస తిరిగొచ్చింది. బూట్లది.

"ఇటు రా" అన్నాను.

"అక్కణ్ణుంచే చెప్పు."

"ఇద్దరు వెళ్లారు, ఒక్కరు వెనక్కొచ్చారు. వచ్చినవాడు బూట్లు వేసుకున్నాడు. బుల్లిబాబు కాళ్లకి చెప్పులే ఉండవు. కొన్న జత వారం తిరక్కుండా ఎక్కడో పారేసుకుంటాడని వాళ్లమ్మ మొత్తుకుంటుంది. ఇక్కడ ఉత్త కాళ్ల జాడ ఒక్కటి చూపించు."

"పిల్లకాయ. తేలిగ్గా ఉంటాడు. మెల్లగా నడిచుంటాడు, కాయలు నలిగుండవు."

"వాడు మెల్లగా నడవాలనే గదరా డాక్టరు ఆరు నెలలుగా మందిస్తున్నాడు."

"అయితే మందు పనిచేసింది."

"వాడిది నీలం మూత సీసా. అందులో ఉన్నది పంచదార. పిసరంత మార్పు కూడా లేదని పొద్దున డాక్టరే నాతో చెప్పాడు. ఆయన మాట నిజమైతే వాడు ఈ డాబా మీద మెల్లగా నడవలేడు. వాడు మెల్లగా నడిచాడంటే ఆయన మాట అబద్ధం. రెండింట్లో నీకేది కావాలో తీసుకో."

బ్రహ్మయ్య ఇంకోసారి తుమ్మి, జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు. "మిరపకాయలు కోర్టులో సాక్ష్యం చెబుతయ్యా? డాక్టరు చెబుతాడు. నాకు పైనుంచి రోజూ ఫోన్లు. పిల్లాడు చేశాడంటే జైలు లేదు, ఉరి లేదు. కేసు మూసెయ్యొచ్చు. ఎవడికీ నష్టం లేదు."

"వాడికి?"

"వాడికేం తెలుస్తుందిరా? వాడు అక్కడా గెంతుతాడు, ఇక్కడా గెంతుతాడు."

కోపం రావలసిన చోటు అది. రాలేదు. కిందికి చూశాను. సందులో రాళ్ల మీద రక్తం నల్లగా ఎండి ఉంది. వాడి ఒంట్లో ఉన్న ఆ ఆగనితనమే వాణ్ణి అందరికంటే ముందు ఆ అమ్మాయి దగ్గరికి చేర్చింది. అదే వాడి నేరమైంది.

"రేపు పదింటికి కోర్టు. అప్పటికి బూట్లవాడెవడో, ఎందుకు చేశాడో చెప్పు, వింటా. ఉత్త కాయలు పట్టుకుని రాకు" అని బ్రహ్మయ్య దిగిపోయాడు.

వాడు అడిగిన రెండింట్లో ఒకటి నా దగ్గర ఉంది. కీసరలో పంచరు వేసినవాడి పేరు తెలియని మనిషి, మూడ్రోజుల్లో బూట్లు మార్చిన మనిషి, పొద్దున నా ఎదురుగా కూర్చున్నాడు. కానీ తన పరిశోధనకి కుడిచెయ్యి లాంటి పిల్లని ఆయన ఎందుకు చంపుతాడు? ఢిల్లీ వెళ్లబోయే ముందు, అంత శుభ్రమైన ఫలితం చేతిలో పెట్టుకుని?

సందూ, కొట్టూ, మెట్లూ ఇంకోసారి వెతికి, కనకయ్యతో ఆయన చెప్పిందంతా కాగితం మీద రాయించి సంతకం పెట్టించేసరికి పొద్దు వాలింది.

* * *

బసవమ్మ ఉండే వీధికి వెళ్లేసరికి దీపాలు పెట్టారు. పరిశోధనలో ఉన్న పన్నెండు మంది పిల్లలదీ ఆ వీధే, ఆ చివరి బడే. పదేళ్ల పిల్లవాణ్ణి లాకప్‌లో పెట్టడానికి బ్రహ్మయ్యకే మొహం చెల్లక ఇంట్లోనే ఉంచి, అరుగు మీద ఒక కానిస్టేబుల్‌ని కాపలా పెట్టాడు. అతను గోడకి చేరగిలబడి కునుకు తీస్తున్నాడు. లోపల వసారాలో బసవమ్మ, పక్కింటి సుబ్బమ్మ పత్తికాయలు వలుస్తూ కూర్చున్నారు.

"పిల్లవాడు?"

"పడుకున్నాడండీ" అంది బసవమ్మ.

పీట వేశారు, కూర్చున్నాను. "ప్రమీల మీ ఇంటికి చివరిసారి ఎప్పుడొచ్చింది?"

"సోమారం. ఇదిగో, మీరు కూచున్న చోటే కూచుని ఏడ్చింది."

"ఎందుకు?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సుబ్బమ్మ తల వంచుకుని కాయ వలవసాగింది.

"డాక్టరుగారితో చెప్పనంటే చెప్తామండీ" అంది బసవమ్మ.

"చెప్పను."

"శుక్రారం శుక్రారం మేం మందు కలుపుకుంటామండీ."

"కలుపుకోవడమేంటి?"

"మావాడికి నీలం మూత సీసా ఇచ్చారు. సుబ్బమ్మక్క కొడుక్కి ఎర్ర మూత ఇచ్చారు. రంగులెందుకు మారినయ్యో చెప్పరు. ఒకటి మంచిదీ ఒకటి కాందీ అయ్యుంటది గదా. అందరూ ఒక బళ్లో చదివే పిల్లలు. ఒకళ్ల పిల్లాడు బాగుపడి ఒకళ్ల పిల్లాడు అట్టాగే ఉంటే, మేం పొద్దున్నే లేచి మొహమొహాలు ఎట్టా చూసుకుంటామండీ?"

సుబ్బమ్మ అందుకుంది. "పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తల్లి పటం ముందర ఇత్తడి పళ్లెం పెట్టి, పన్నెండు సీసాలూ అందులో కుమ్మరిస్తాం. పసుపూ కుంకం చల్లి దణ్ణం పెట్టుకుంటాం. బాగా కలిపేసి, మళ్లా అందరం సమానంగా సీసాల్లో పోసుకుంటాం. అమ్మ ముందు పెట్టినాక ఇంక నీదీ నాదీ లేదు గదండీ."

"ఎప్పట్నుంచి?"

"మొదటి వారం నుంచేనండీ."

మొదటి వారం నుంచీ కలిపేస్తే, పన్నెండు మంది పిల్లలూ ఆరు నెలలూ ఒకే రకంగా సగం మందు, సగం పంచదార తిన్నారు. వాళ్లలో ఎర్రవాళ్లూ నీలంవాళ్లూ అంటూ ఎవరూ లేరు. మరి మూతల రంగు ప్రకారం ఆరుగురు కుదురుకుని, ఆరుగురు చెడటం ఎలా జరుగుతుంది? జరగదు. ఆ డాక్టరు పిల్లల్ని చూసి ఫలితం రాయలేదు, మూతల్ని చూసి రాశాడు.

"మీ పిల్లల్లో మార్పేమైనా వచ్చిందా? నిజం చెప్పండి."

"కొన్ని పూటలు బాగుంటారు, కొన్ని పూటలు చంపుకు తింటారు" అంది సుబ్బమ్మ. "పన్నెండు మందీ అంతే."

"ఇది ప్రమీలకి చెప్పారా?"

"సోమారం చెప్పాం" అంది బసవమ్మ. "తిడతదనుకున్నాం. తిట్టలేదండీ. 'అయ్యో అక్కా, ఆరు నెలల కష్టం పోయింది, మళ్లీ మొదటికొచ్చాం' అని ఏడ్చింది. మళ్లా తనే కళ్లు తుడుచుకుని, 'మీ తప్పు కాదులే, ముందే మీకు అర్థమయ్యేటట్టు చెప్పకపోవడం మాదే తప్పు, రేపు డాక్టరుగారితో చెప్పేస్తాను' అంది."

రేపు అంటే మంగళవారం. చెప్పింది. పైన కనకయ్య కాయల మధ్య, ఎవరూ వినని చోట, ఢిల్లీ వెళ్లబోయే మనిషితో ఆ ఫలితం బూటకమని మొహం మీద చెప్పింది. ఆయన వెనక్కి ఒక్కడే నడిచొచ్చాడు. కనకయ్య సందులో ఉన్న అదనుకి మెట్లు దిగిపోయాడు.

చాలా ఏళ్ల తర్వాత నాలో ఏదో కదిలినట్టయింది. సంతోషమే అయి ఉండాలి, అలవాటు తప్పింది కాబట్టి గట్టిగా చెప్పలేను. ఈ ఇద్దరు తల్లులు కోర్టులో ఈ నాలుగు మాటలు చెబితే చాలు.

"బసవమ్మా, రేపు మీవాడు ఎక్కడికీ పోడు. ఇంటికే వస్తాడు" అన్నాను.

ఆమె ఏడవలేదు, నవ్వలేదు. చేతిలో కాయ పక్కన పెట్టి నాకు దణ్ణం పెట్టింది. "అంతా అమ్మ దయండీ. డాక్టరుగారు కూడా మధ్యాన్నం వచ్చి ధైర్యం చెప్పి వెళ్లారు."

"ఎవరు?"

"డాక్టరుగారే. కార్లో వచ్చారు. పిల్లాడు మాట్లాడుతున్నాడంట గదా అనడిగారు. లేదండీ అన్నా. నమ్మలేదు. రేపు కోర్టులో గొడవ చెయ్యకుండా ఉండాలని కొత్త మందు సీసాడు ఇచ్చారు. ఈ రాత్రికి అన్నంలో నాలుగు బిళ్లలు వెయ్యమన్నారు."

నేను బస్సులో కూర్చుని ఉండగా ఆ కారు నన్ను దాటి వచ్చింది. పొద్దున నేను ఆడిన అబద్ధమే ఆ కారుని ఇక్కడికి తోలింది. నా గొంతు నాకే వేరేవాడి గొంతులా వినపడింది. "వేశావా?"

"నాలుగు వెయ్యలేదండీ."

ఊపిరి పీల్చుకున్నాను.

"ఇయ్యాల శుక్రారం గదండీ" అంది బసవమ్మ. "అదీ పళ్లెంలో పోశాం. కొత్త మందు మావాడొక్కడికే ఎట్టా ఏస్తానండీ? మిగతా వాళ్ల పిల్లలేం పాపం చేశారు? కొంచెం పెద్ద బిళ్లలు, ఏరుకోడానికి తేలిగ్గానే ఉన్నయ్యి. తలా రెండొచ్చినయ్యి."

"రేపు బుల్లిబాబు కోసం మేమందరం కోర్టుకొస్తన్నాం గదండీ" అంది సుబ్బమ్మ. "పిల్లలు ఇంటికాడ కుదురుగా ఉండాలని పొద్దుండగానే అందరికీ అన్నాల్లో కలిపి పెట్టేశాం."

లేచాను. పీట వెనక్కి తన్నుకుపోయింది. లోపలి గదిలో బుల్లిబాబు చాప మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. పిలిచాను. పలకలేదు. బుగ్గ మీద తట్టాను. చెవి మెలిపెట్టాను. కనురెప్ప ఎత్తితే కళ్లు పైకి తేలి ఉన్నాయి. ముక్కు దగ్గర వేలు పెడితే ఊపిరి తగిలింది, మళ్లీ తగలడానికి చాలాసేపు పట్టింది.

గుమ్మంలో బసవమ్మ నిలబడి చూస్తోంది. "తిన్న కాసేపటికే బుద్ధిగా పడుకున్నాడండీ. వాడు పుట్టాక నేను చెప్పకుండా పడుకోవడం ఇదే మొదలు" అంది మెల్లగా, ఎక్కడ లేస్తాడో అన్నట్టు.

అప్పుడు భయం వేసింది. నిజమైన భయం. మొద్దుబారిన చోటు ఒక్కసారిగా తెగి నొప్పి పుట్టినట్టు ఒళ్లంతా పాకింది. వాణ్ణి ఎత్తి భుజాన వేసుకున్నాను. చేతులు రెండూ నా వీపు మీద వేలాడాయి. బయటికొచ్చి కానిస్టేబుల్‌ని కాలితో తట్టి లేపాను. "సైకిలేసుకుని ఆసుపత్రికి పో. పన్నెండు మంది పిల్లలు, నిద్రమాత్రలో విషమో తెలియదు, డాక్టర్లు ఎంతమందుంటే అంతమంది రావాలని చెప్పు. తర్వాత బ్రహ్మయ్యకి చెప్పు, నందిగామలో ఆ డాక్టర్ని కదలనివ్వొద్దని."

అతను నా మొహం చూసి ఏమీ అడక్కుండా పరిగెత్తాడు. వెనక బసవమ్మకి అప్పుడు అర్థమైంది. ఆమె అరవలేదు. వచ్చి, నా వీపు మీద వేలాడుతున్న కొడుకు చేతిని పట్టుకుంది. సుబ్బమ్మ మాత్రం తన ఇంటివైపు చెప్పులు లేకుండా ఉరికింది.

వీధి మధ్యలో నిలబడి, "పిల్లల్ని లేపండి! అందరూ పిల్లల్ని లేపండి!" అని గొంతు చించుకుని అరిచాను. తలుపులు తెరుచుకున్నాయి. ఆడవాళ్లు వచ్చారు, తింటున్న చేతుల్తో మగవాళ్లు వచ్చారు, ఒక ముసలాయన చుట్ట పట్టుకుని వచ్చాడు. నిన్న ఇదే వీధిలో నేను నడుస్తుంటే కాళ్లకి అడ్డంపడి, చేతిలో సంచీ లాగి, ఎవరు నువ్వు ఎవరు నువ్వు అని వెంటపడిన పిల్లల్లో ఒక్కడూ బయటికి రాలేదు.